ఆరు గోల్స్‌కీ మూడే పాయింట్లు

2025 మే 18. ఇటలీలో ఆదివారం రాత్రి, మనకు అర్ధరాత్రి దాటి పావుగంట. మిలాన్ నగరంలోని సాన్ సిరోలో ఇంటర్ జట్టు లాజియోతో, పార్మాలో నాపోలి ఆ ఊరి జట్టుతో ఒకే నిమిషానికి ఆట మొదలుపెట్టాయి. లీగ్‌లో ఆ తర్వాత మిగిలేది ఒక్క మ్యాచే. నాపోలి ఒక పాయింటు ముందుంది. నాలాంటివాళ్లు రెండు తెరలు పక్కపక్కన పెట్టుకుని, ఏది చూడాలో తెలియక, రెండూ సరిగ్గా చూడని రాత్రి అది.

పార్మాలో గోల్ పడటం లేదు. సాన్ సిరోలో 79వ నిమిషంలో డుంఫ్రీస్ గోల్‌తో ఇంటర్ 2-1కి వెళ్లింది. ఆ క్షణాన పట్టిక తిరగబడింది. ఛాంపియన్‌షిప్ మిలాన్ నగరం దారి పట్టిందనిపించింది. 90వ నిమిషంలో ఇంటర్ ఆటగాడు బిస్సెక్ చేతికి బంతి తగిలిందని వీడియో రిఫరీ తేల్చాడు. అంతకుముందే ఒక గోల్ కొట్టిన లాజియో ఆటగాడు పెడ్రో, 37 ఏళ్ల వయసులో, పెనాల్టీ దగ్గరికి వచ్చి రెండోదీ కొట్టాడు. 2-2. అటు పార్మాలో చివరి నిమిషాల్లో నాపోలికి పెనాల్టీ ఇచ్చారు, అంతకుముందు ఇంకో ఫౌల్ జరిగిందని వెనక్కి తీసుకున్నారు. 0-0. ఈ గొడవలో ఇంటర్ కోచ్ సిమోనే ఇన్‌జాగీ, లాజియో కోచ్ బరోనీ, నాపోలి కోచ్ అంటోనియో కోంటే, పార్మా కోచ్ క్రిస్టియన్ కివు, నలుగురికీ రెడ్ కార్డే. రెండు మైదానాలు, నలుగురు కోచ్‌లు, నలుగురూ బయటికే. అంత జరిగాక కూడా పట్టికలో తేడా మాత్రం అదే ఒక్క పాయింటు.

ఐదు రోజుల తర్వాత చివరి మ్యాచులు రెండు జట్లూ 2-0తో గెలిచాయి. నాపోలి 82, ఇంటర్ 81. ఇటాలియన్లు స్కుడెట్టో అని పిలుచుకునే ఛాంపియన్‌షిప్ దక్షిణాదికి వెళ్లింది. స్కుడెట్టో అంటే చిన్న డాలు. గెలిచిన జట్టు మరుసటి ఏడాదంతా చొక్కా మీద కుట్టుకుని తిరిగే మూడు రంగుల డాలు బొమ్మ. పది సార్లు గెలిస్తే క్లబ్ చిహ్నం పైన ఒక నక్షత్రం. ఆ ఆనవాయితీ 1958లో యువెంటస్‌తో మొదలైంది.

నన్ను ఇప్పటికీ వదలనిది ఆ రెండు జట్ల గోల్స్ లెక్క. 38 మ్యాచుల్లో ఇంటర్ 79 గోల్స్ కొట్టింది, నాపోలి 59. ఇరవై గోల్స్ ఎక్కువ కొట్టిన జట్టు ఒక్క పాయింటుతో వెనకబడింది. గోల్స్ వరుసలో చూస్తే ఆ ఏడాది ఛాంపియన్‌ది ఆరో స్థానం. లాజియో, మిలాన్, ఫియొరెంటినా కూడా నాపోలి కంటే ఎక్కువే కొట్టాయి. మరి ఇటలీలో స్కుడెట్టోను తేల్చేది ఏమిటి? ఈ ప్రశ్నకు అక్కడ తరతరాలుగా నాలుగైదు జవాబులు చలామణిలో ఉన్నాయి. ఒక్కొక్కటీ తూకం వేసి చూడాల్సిందే.

అన్నిటికన్నా పాతది డిఫెన్స్ జవాబు. పాతబడిందని దీన్ని ఎగతాళి చేయడం ఫ్యాషన్ అయింది. గొళ్లెం వేసుకుని కూర్చునే ఇటాలియన్ ఆట ఎప్పుడో పోయిందనీ, ఇప్పుడు అక్కడా అందరూ పైపైకి వచ్చి ఆడుతున్నారనీ అంటారు. ఆడుతున్న మాట నిజమే. అయినా 2025 దాకా ఐదు సీజన్ల పట్టికలు తీసి చూడండి. 2020-21లో ఇంటర్ ఛాంపియన్, ఇచ్చుకున్న గోల్స్ 35, లీగ్‌లో అందరికన్నా తక్కువ. 2021-22లో మిలాన్, 31. అంతే ఇచ్చిన జట్టు నాపోలి ఒక్కటే. 2022-23లో నాపోలి 28, మళ్లీ అందరికన్నా తక్కువ. 2023-24లో ఇంటర్ 22 మాత్రమే. 2024-25లో నాపోలి 27. ఐదుకు ఐదు. కోచ్‌లు మారారు, ఆడే పద్ధతులు మారాయి. స్పల్లెట్టీ నాపోలికీ కోంటే నాపోలికీ చొక్కా రంగు తప్ప పెద్దగా పోలిక లేదు. మారనిది ఆ ఒక్క గడే. వెనక్కి వెళ్లినా ఇదే కనబడుతుంది. 1969-70లో సార్డీనియా ద్వీపం నుంచి వచ్చి ఛాంపియన్ అయిన కాల్యరీని జనం జీజీ రీవా గోల్స్‌తో గుర్తుపెట్టుకున్నారు. ఆ జట్టు 30 మ్యాచుల్లో ఇచ్చింది 11 గోల్స్.

ఇక్కడితో ఆగిపోతే అది సమీక్ష కాదు, వకాల్తా. ఎదురు సాక్ష్యం బలంగా ఉంది. 1999-2000లో యువెంటస్ 34 మ్యాచుల్లో 20 గోల్సే ఇచ్చింది. లాజియో 33 ఇచ్చి ఛాంపియన్ అయింది. 2019-20లో ఇంటర్ 36 ఇచ్చింది, యువెంటస్ 43. అయినా యువెంటస్‌దే టైటిల్, వరుసగా తొమ్మిదోది. కాబట్టి తక్కువ గోల్స్ ఇచ్చినవాడిదే డాలు అని సూత్రం రాసి గోడకు అంటించలేం. దానికి దగ్గరగా ఉండే ఇంకో మాట మాత్రం చెప్పవచ్చు.

2024-25 పట్టికను గోల్స్ పక్కన పెట్టి చదివితే ఆ మాట బయటపడుతుంది. నాపోలి 24 గెలిచింది. ఇంటర్ కూడా 24 గెలిచింది. నాపోలి పది డ్రాలు, నాలుగు ఓటములు. ఇంటర్ తొమ్మిది డ్రాలు, అయిదు ఓటములు. అంతే. పది నెలల లీగ్ మొత్తాన్ని పిండితే తేలిన తేడా ఒక్క ఓటమి. ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక సాయంత్రం ఇంటర్ ఒక ఓటమిని డ్రాగా మార్చుకుని ఉంటే రెండు జట్లూ సమానం. ఓడిపోయే మ్యాచును గెలవడం గొప్పే. ఓడిపోయే మ్యాచును ఓడకుండా బయటపడటం అంతకన్నా తక్కువ గొప్ప. స్కుడెట్టో మాత్రం ఎక్కువసార్లు ఈ రెండో విద్యకే దక్కుతోంది.

ఇంటర్ ఆ విద్యలో ఎలా తప్పిందో చూడటానికి ఆ ఏడాది మూడు మ్యాచులు చాలు. అక్టోబరులో యువెంటస్‌పై సాన్ సిరోలో 4-2తో ముందుండి 4-4తో ముగించింది. నాలుగు గోల్స్‌కు దక్కింది ఒక్క పాయింటు. మార్చి 1న నేపుల్స్‌లో 1-0తో ముందుంది. 87వ నిమిషంలో ఫిలిప్ బిల్లింగ్ గోల్ కొట్టి సమం చేశాడు. ఇంగ్లండ్ నుంచి జనవరిలో అద్దెకు వచ్చి, బెంచీ మీద నుంచి లేచి దిగినవాడు. ఏప్రిల్ 20న బొలోన్యాలో 0-0గా తీరిపోవాల్సిన మ్యాచులో 94వ నిమిషంలో ఓర్సొలీనీ గాల్లోకి లేచి కొట్టాడు. డ్రా కాస్తా ఓటమి అయింది. ఇదే ఇంటర్ డిసెంబరులో రోమ్ వెళ్లి లాజియోను 6-0తో చితక్కొట్టింది. ఈ ఏడాదికి వీళ్లదే అనిపించింది. ఆరు గోల్స్‌కు వచ్చినవి మూడు పాయింట్లే. అదే లాజియో మే నెలలో సాన్ సిరోకు వచ్చి రెండు పట్టుకుపోయింది. డిసెంబరు నాటి గోల్స్‌లో ఒక్కటి దాచుకునే వీలుంటే మే 18న పనికొచ్చేది. ఫుట్‌బాల్‌లో దాచుకునే గాదె లేదు.

క్రికెట్‌కు అలవాటుపడ్డ మనకు ఇక్కడ ఒక అనుమానం రావడం సహజం: పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూడరా, మన రన్ రేట్ లాగా? మొదటి స్థానానికి చూడరు. 2022-23 నుంచి నిబంధన ఇలా ఉంది. పైన రెండు జట్లు సమానంగా నిలిస్తే ఒకే ఒక్క మ్యాచ్ ఆడించి తేలుస్తారు, 90 నిమిషాల్లో తేలకపోతే నేరుగా పెనాల్టీలు. ఇది కొత్త నిబంధన కాదు, పాతదాన్నే మళ్లీ తెచ్చుకున్నారు. దాని అవసరం ఇప్పటి లీగ్ చరిత్రలో ఒక్కసారే పడింది, 1964లో. ఆ కథ చెప్పకుండా ముందుకు వెళ్లడం అన్యాయం.

ఆ ఏడాది బొలోన్యా, ఇంటర్ 54 పాయింట్లతో సమానంగా నిలిచాయి. బొలోన్యా ఆటగాళ్ల మీద డోపింగ్ కేసు పెట్టి, పాయింట్లు కోసి, ఆరోపణ నిలబడక తిరిగి ఇచ్చారు. ఆ రభస నడుమ సీజన్ అలా ముగిసింది. ఇంటర్ అప్పుడు ఆకాశంలో ఉంది. మే 27న వియన్నాలో రియల్ మాడ్రిడ్‌ను 3-1తో ఓడించి యూరోపియన్ కప్ ఎత్తుకుంది. జూన్ 7న రోమ్‌లో బొలోన్యాతో తేల్చుకోవాలి. దానికి నాలుగు రోజుల ముందు బొలోన్యా అధ్యక్షుడు రెనాతో దల్లారా గుండె ఆగి చనిపోయాడు. మూడు దశాబ్దాలు ఆ జట్టును మోసిన మనిషి. బొలోన్యా 2-0తో గెలిచింది. ఆ ఊరి స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే. ఓర్సొలీనీ 94వ నిమిషంలో ఇంటర్‌ను కొట్టింది ఆ స్టేడియంలోనే.

1964 ఇంటర్ యూరప్ గెలిచిన పదకొండు రోజులకు సొంత దేశంలో ఓడింది. దీన్నుంచే రెండో జవాబు పుట్టింది: యూరప్ పోటీలు కాళ్లను తినేస్తాయి, ఖాళీగా ఉన్నవాడు స్కుడెట్టో తన్నుకుపోతాడు. 2024-25 ఈ వాదనకు చేసిపెట్టినట్టే ఉంది. నాపోలి అంతకుముందు ఏడాది 53 పాయింట్లతో పదో స్థానంలో పడిపోయింది, కాబట్టి యూరప్‌లో ఆడే అర్హతే లేదు. లీగ్‌లో 38, దేశీయ కప్‌లో మూడు, మొత్తం 41 మ్యాచులు. ఇంటర్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది, అరవైకి దగ్గరగా ఆడింది. ఏప్రిల్ 16న బయర్న్‌తో క్వార్టర్ ఫైనల్, 20న బొలోన్యాలో ఓటమి, 23న కప్ సెమీఫైనల్‌లో మిలాన్ చేతిలో 0-3, 27న రోమా చేతిలో 0-1, 30న బార్సిలోనాలో 3-3. పదిహేను రోజుల్లో అయిదు మ్యాచులు. ఆ మధ్యలో లీగ్ చేజారింది. చివరికి మే 31న మ్యూనిక్‌లో పారిస్ జట్టు 5-0తో ఓడించింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి గతి.

కోంటే చరిత్రా ఈ వాదనకు ఊతమిస్తుంది. 2011-12లో అతను కోచ్‌గా ఉన్న యువెంటస్‌కు యూరప్ లేదు, 38 మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా ఛాంపియన్ అయ్యాడు: 23 విజయాలు, 15 డ్రాలు. ఓడకుండా ఉండే విద్యకు అంతకు మించిన ప్రదర్శన లేదు. 2020-21లో ఇంటర్‌ను ఛాంపియన్ చేసిన ఏడాది ఆ జట్టు డిసెంబరులోనే ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో అట్టడుగున నిలిచి ఇంటికి వచ్చేసింది. వారమంతా సాధన చేయించుకునే తీరిక దొరికితే కోంటే జట్టు ఎలా బిగుసుకుంటుందో ఇటలీకి తెలుసు.

ఈ జవాబును మాత్రం నేను సగమే ఒప్పుకుంటాను. 2009-10లో కోచ్ మొరీన్యో నడిపిన ఇంటర్ లీగ్, దేశీయ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. మే 16న సియెనాలో 1-0తో లీగ్ ముగించి, ఆరు రోజుల తర్వాత మాడ్రిడ్‌లో యూరప్ గెలిచింది. 2022-23లో నాపోలి ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ దాకా ఆడి కూడా లీగ్‌లో 90 పాయింట్లు చేసి, రెండో జట్టును 16 పాయింట్ల దూరంలో వదిలేసింది. కోంటే కూడా యువెంటస్‌తో 2013-14లో యూరప్ ఆడుతూనే 102 పాయింట్లు చేశాడు. అలసట నిజం. కానీ అది హోరాహోరీ ఏడాదిలోనే ప్రాణం తీస్తుంది. పది పాయింట్ల ఆధిక్యం ఉన్నవాడిని ఏమీ చేయలేదు.

మూడో జవాబు, పెద్ద మ్యాచులే తేలుస్తాయన్నది. పత్రికలకు ఇష్టమైన జవాబు, ఎందుకంటే పెద్ద మ్యాచులే పత్రికలను అమ్ముతాయి. 2025 లెక్క దీన్ని సమర్థిస్తుందని ఒప్పుకోవాలి. మిలాన్, యువెంటస్, నాపోలి మూడింటితో ఆడిన ఆరు మ్యాచుల్లో ఇంటర్ ఒక్కటీ గెలవలేదు, 18 పాయింట్లకు నాలుగు. నాపోలి మిలాన్, యువెంటస్, ఇంటర్‌లతో ఆడి 12 రాబట్టింది. 2022లోనూ అంతే, ఫిబ్రవరి 5న ఒకే ఊరి జట్ల డెర్బీలో ఇంటర్ 1-0తో ముందుండగా మూడు నిమిషాల్లో మిలాన్ ఆటగాడు జిరూ రెండు గోల్స్ కొట్టాడు. ఆ రాత్రి నుంచే మిలాన్‌కు నమ్మకం పుట్టింది.

పుట్టడం వేరు, చేతికి రావడం వేరు. ఆ ఏడాది డెర్బీ తర్వాత కూడా ఇంటర్ చేతిలో ఒక మ్యాచు మిగిలే ఉంది. కోవిడ్ కేసుల వల్ల జనవరిలో వాయిదాపడి ఏప్రిల్ 27న పెట్టిన బొలోన్యా మ్యాచు. గెలిస్తే ఇంటర్ పైకి వస్తుంది. మొదటి గోల్‌కీపర్ హందనోవిచ్‌కు దెబ్బ తగలడంతో రెండో గోల్‌కీపర్ రాదు నిలబడ్డాడు. 1-1గా ఉండగా 81వ నిమిషంలో పెరిసిచ్ త్రో వెనక్కి వేశాడు. రాదు కాలు బంతికి సరిగ్గా తగల్లేదు. సాన్సోనే గీత దగ్గర నిలబడి లోపలికి నెట్టాడు. చివరికి మిలాన్ 86, ఇంటర్ 84. ఆ మ్యాచు గెలిచుంటే 87. ఆ ఏడాది కూడా ఇంటర్ మిలాన్ కంటే 15 గోల్స్ ఎక్కువే కొట్టింది, 84కు 69. బొలోన్యాకు ఆ సాయంత్రం పట్టికలో పెద్దగా సాధించాల్సింది లేదు. వాళ్ల కోచ్ సినీషా మిహైలోవిచ్ లుకేమియా చికిత్సలో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఏడాది చివర్లో పోయాడు. అతని కోసం ఆడారు, అంతే.

2018 సంగతి ఇంకా చేదు. ఏప్రిల్ 22న టురిన్‌లో 90వ నిమిషంలో కులిబాలి తలతో కొట్టిన గోల్‌తో నాపోలి యువెంటస్‌ను 1-0తో ఓడించింది, తేడా ఒక్క పాయింటుకు తగ్గింది. ఆ రాత్రి నేపుల్స్‌లో నిద్రపోయినవాళ్లు తక్కువ. పెద్ద మ్యాచే తేల్చేదైతే అక్కడే తేలిపోవాలి. ఆరు రోజుల తర్వాత యువెంటస్ సాన్ సిరోలో ఇంటర్ చేతిలో ఓడిపోతూ, 89వ నిమిషంలో హిగువైన్ గోల్‌తో 3-2గా గెలిచింది. మర్నాడు ఫ్లోరెన్స్‌లో నాపోలి దిగింది. కాసేపటికే అదే కులిబాలికి రెడ్ కార్డు. జొవాన్నీ సిమియొనే హ్యాట్రిక్ కొట్టాడు, 0-3. కోచ్ సారీ నడిపిన నాపోలి 91 పాయింట్లు చేసి రెండో స్థానంలో ఆగింది. ఇటలీలో అంత మంచి ఆట ఆడి ఖాళీ చేతులతో మిగిలిన జట్టు ఈ కాలంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

సాన్ సిరోలో యువెంటస్ గెలుపు మీద ఇప్పటికీ తగువే. మ్యాచు మధ్యలో యువెంటస్ ఆటగాడు ప్యానిచ్‌కు రెండో ఎల్లో కార్డు ఇవ్వాల్సింది, ఇవ్వలేదని ఇంటర్ అభిమానులూ నాపోలి అభిమానులూ కలిసి అంటారు. వీడియో రిఫరీ వచ్చిన మొదటి సీజన్ అదే. రెండో ఎల్లో కార్డు అప్పట్లో వీడియో పరిధిలోకి వచ్చేది కాదు. దీనితో నాలుగో జవాబులోకి వచ్చాం: రిఫరీలు.

ఇది వట్టి అభిమానుల ఏడుపు అని తోసేయడానికి వీల్లేదు, 2006 తర్వాత అసలే వీల్లేదు. రిఫరీల నియామకాల మీద క్లబ్ అధికారుల ఒత్తిడి టెలిఫోన్ సంభాషణల్లో బయటపడింది. యువెంటస్ నుంచి 2005, 2006 టైటిళ్లు రెండూ లాక్కుని, జట్టును రెండో డివిజన్‌కు దించారు. 2006ది ఇంటర్‌కు ఇచ్చారు, 2005ది ఎవరికీ ఇవ్వలేదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీ. దీనితోపాటే చెప్పుకునే ఇంకో ముచ్చట ఉంది. 1984-85లో మాత్రం రిఫరీలను చీటీలు తీసి పంపించారు. ఆ ఏడాదే వెరోనా అనే చిన్న ఊరి జట్టు ఛాంపియన్ అయింది, మళ్లీ ఎప్పుడూ కాలేదు. కలిపి చెబితే రసవత్తరంగా ఉంటుంది. నాకైతే నమ్మబుద్ధి కాదు. ఆ వెరోనాకు బ్రీగెల్, ఎల్క్యార్ ఉన్నారు, బాన్యోలీ లాంటి కోచ్ ఉన్నాడు. 30 మ్యాచుల్లో 19 గోల్సే ఇచ్చింది. చీటీ ఎవరి పేరు తీసినా ఆ వెనక వరుసను దాటడం కష్టమయ్యేది.

డబ్బు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అందులో వాదన తక్కువ. 2000లో లాజియో, 2001లో రోమా గెలిచాక, 2023లో నాపోలి గెలిచేదాకా యువెంటస్, ఇంటర్, మిలాన్ తప్ప ఇంకెవరూ టైటిల్ ఎత్తలేదు. ఇరవై ఒక్క ఏళ్లు. పోటీలోకి ఎవరు దిగాలో డబ్బు నిర్ణయిస్తుంది. దిగినవాళ్లలో ఎవరు నిలుస్తారో చెప్పలేదు. 2025 జనవరిలో నాపోలి తన ఉత్తమ ఆటగాడు క్వారత్‌స్ఖేలియాను పారిస్‌కు అమ్ముకుంది, అతనికి సరితూగేవాణ్ని తెచ్చుకోలేదు కూడా. మాంచెస్టర్‌లో పెద్దగా అక్కర్లేదనుకుని వదిలేసిన స్కాట్ మెక్‌టామినే మధ్య వరుసలో నిలబడి 12 గోల్స్ కొట్టాడు, ఆ సీజన్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

ఈ జవాబులన్నీ చూశాక నా మాట ఇది. ఇటలీలో ఎడం పెద్దదైన ఏళ్లకు పెద్ద వివరణలు పనికొస్తాయి. 2023 నాపోలి, 2024లో 94 పాయింట్లు చేసిన ఇంటర్ అలాంటివి. ఆ ఏళ్లలో ఛాంపియన్ అన్నిట్లోనూ మెరుగు. ఎడం ఒకటీ రెండూ అయిన ఏళ్లకు మాత్రం వివరణ పెద్దగా ఉండదు. ఓటమిని డ్రాగా మార్చుకున్న సాయంత్రం, డ్రాను ఓటమిగా పోగొట్టుకున్న సాయంత్రం. వాటిని లెక్కపెట్టడమే.

అలాంటి సాయంత్రాల్లో ఇటలీ మరిచిపోనివి రెండున్నాయి. 2000లో యువెంటస్ ఎనిమిది మ్యాచులు మిగిలి ఉండగా తొమ్మిది పాయింట్లు ముందుంది. పంట చేతికొచ్చినట్టే. ఆ ఎనిమిదిలో నాలుగు ఓడింది. అందులో ఒకటి టురిన్‌లో లాజియో చేతిలో, డియెగో సిమియొనే తలతో కొట్టిన గోల్‌తో. చివరి రోజు, మే 14న, పెరూజాలో విరామ సమయానికి కుండపోత వాన. రిఫరీ కొల్లీనా గొడుగు పట్టుకుని మైదానంలో బంతి ఎగురుతుందో లేదో చూస్తూ గంటకు పైగా ఆగాడు. రోమ్‌లో లాజియో రెజ్జీనాను 3-0తో ఓడించి, అప్పటికే ఆట ముగించి, రేడియోల దగ్గర చేరింది. పెరూజాలో ఆట మళ్లీ మొదలయ్యాక కలోరీ గోల్ కొట్టాడు. 1-0. లాజియో 72, యువెంటస్ 71.

రెండోది 2002 మే 5. ఇంటర్ మొదటి స్థానంలో ఉంది, రోమ్‌లో లాజియోను గెలిస్తే చాలు. లాజియో అభిమానులే ఇంటర్ గెలవాలని కోరుకున్నారు, లేకపోతే తమ ఊరి శత్రువు రోమాకు పోతుందని భయం. ఇంటర్ రెండుసార్లు ముందుకెళ్లింది, రెండుసార్లూ తిరిగి ఇచ్చుకుంది, చివరికి 2-4. రొనాల్డో బెంచీ మీద ఏడ్చిన బొమ్మ ప్రపంచమంతా చూసింది. యువెంటస్ 71, రోమా 70, ఇంటర్ 69.

ఆ రెండు రోజుల్లో ఎవరెవరున్నారో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పెరూజా వానలో యువెంటస్ చొక్కాతో తడిసినవాడు అంటోనియో కోంటే. ఆ రోజే రోమ్‌లో లాజియోకు గోల్ కొట్టినవాడు సిమోనే ఇన్‌జాగీ. రెండేళ్లకు ఇంటర్‌పై నాలుగో గోల్ కొట్టినవాడూ అతనే. ఆ మ్యాచులో మూడోది కొట్టినవాడు డియెగో సిమియొనే, తన పాత జట్టు కదా అని సంబరం చేసుకోలేదు. అతని కొడుకే 2018లో ఫ్లోరెన్స్‌లో నాపోలి ఆశను కూల్చిన జొవాన్నీ. అదే జొవాన్నీ తర్వాత నాపోలి చొక్కాతో 2023లో, 2025లో ఛాంపియన్ అయ్యాడు. 2022లో ఆసుపత్రి మంచం మీద ఉండి ఇంటర్‌ను ఓడించిన మిహైలోవిచ్ 2000 లాజియో ఛాంపియన్లలో ఒకడు. మార్కో మతెరాజ్జీ 2000లో పెరూజా డిఫెండర్, యువెంటస్‌ను ఆపి లాజియోకు టైటిల్ ఇచ్చినవాళ్లలో ఉన్నాడు. 2002లో ఇంటర్ డిఫెండర్. మీకు ఛాంపియన్‌షిప్ ఇచ్చింది మేమే కదా, ఇప్పుడిలా చేస్తారా అని లాజియో ఆటగాళ్లను మైదానంలోనే నిలదీశాడని ఇటలీలో చెప్పుకుంటారు. ఆయన ఆ తర్వాత మన పొరుగున చెన్నైకి కోచ్‌గా వచ్చి, 2015లో చెన్నైయిన్ జట్టుకు ఇండియన్ సూపర్ లీగ్ గెలిపించి వెళ్లాడు.

ఇక 2025 మే 23. నేపుల్స్‌లో కాల్యరీతో ఆఖరి మ్యాచు. రెడ్ కార్డు శిక్ష వల్ల కోంటే ప్రేక్షకుల మధ్య కూర్చున్నాడు. కోమోలో ఇన్‌జాగీదీ అదే పరిస్థితి. ఇంటర్ ముందే గోల్ కొట్టింది, కాసేపు పట్టికలో పైకి వచ్చింది. 42వ నిమిషంలో నేపుల్స్‌లో మెక్‌టామినే గాల్లో పక్కకు వాలి కొట్టాడు. విరామం తర్వాత లుకాకు ఒక్కడే కాల్యరీ వెనక వరుసను దాటుకుని రెండోది పెట్టాడు. అక్కడి నుంచి నాపోలి చేసింది ఏమీ లేదు, ఏమీ కాకుండా చూసుకుంది. రాయలసీమ రైతు కోత అయ్యాక కళ్లం దగ్గర కాపలా పడుకున్నట్టు నలభై నిమిషాలు బంతిని కాచుకుంది.

జూన్ మొదట్లో ఇన్‌జాగీ సౌదీ అరేబియా వెళ్లిపోయాడు. ఇంటర్ కొత్త కోచ్‌గా ప్రకటించింది క్రిస్టియన్ కివును. 2010లో ఇంటర్ మూడు కప్పులు గెలిచినప్పటి ఆటగాడు. నెల కూడా తిరగలేదు, మే 18 రాత్రి పార్మా బెంచీ దగ్గర కోంటేతో పాటు రెడ్ కార్డు చూసి, నాపోలిని 0-0 దగ్గర ఆపి, ఇంటర్‌కు చివరి తలుపు తెరిచి పెట్టినవాడు అతనే.